ముఖ్య అతిథి నొచ్చుకోని బొమ్మలు

కార్టూనిస్టు ఎదుగుదలకు అడ్డం వచ్చే దురలవాటు ఒకే ఒక్కటి. కార్టూన్లు గీయడం!

నవ్వకండి. ఇది నవ్వులాట వ్యవహారం కాదు. బీడీ తాగేవాడు తన ఊపిరితిత్తులే పాడుచేసుకుంటాడు. పేకాడేవాడు తన సంసారమే గుల్ల చేసుకుంటాడు. కార్టూన్లు గీసేవాడో? హాయిగా కునుకు తీస్తున్న పెద్దమనుషుల్ని లేపి కూర్చోబెడతాడు. ఇంత ప్రమాదకరమైన అలవాటుకు డాక్టర్ల దగ్గర మందు లేదు. ఉన్న చికిత్సల్లా సంఘం పెట్టుకోవడమే. ఆ చికిత్స ఎంత బాగా పనిచేస్తుందో తెలియాలంటే పుంగనూరు మునికుమార్ కథ వినాలి.

మునికుమార్ మోటార్లు రీవైండింగ్ చేసే షాపులో పనిచేసేవాడు. బోరు మోటారు కాలిపోయి రైతు తల పట్టుకుని కూర్చుంటే, ఇతగాడు ఆ రైతు బొమ్మ అట్టపెట్టె మీద గీసి ఆయన చేతికే ఇచ్చేవాడు. కాలిన మోటారును మరిచిపోయి రైతు నవ్వేవాడు. అంత ముదిరిపోయిన రోగం! తొంభై నాలుగులో ఇలాంటి రోగులే ఇంకో ఇద్దరు అతనికి తోడయ్యారు. మదనపల్లెలో బట్టల కొట్టు భానుప్రకాశ్ ఒకడు, కుప్పం స్టేషన్ దగ్గర జిరాక్స్ షాపు పవన్ కుమార్ ఇంకొకడు.

ముగ్గురూ కలిసి ఏం చేశారో తెలుసా? సంత జరిగే చోట రెండు గుంజలకు తాడు కట్టి, బట్టలారేసుకునే క్లిప్పులతో బొమ్మలు తగిలించారు! టికెట్టు లేదు, రిబ్బను లేదు, దీపం వెలిగించడం లేదు. ఇదేం పద్ధతి? కుప్పంలో అయితే తెలుగువాళ్లూ, తమిళంవాళ్లూ, కన్నడంవాళ్లూ అందరూ సంతకు వస్తారు కాబట్టి మాటల్లేని బొమ్మలే వేలాడదీశారు. మూడు భాషలవాళ్లూ ఒకే బొమ్మ ముందు నిలబడి ఒకే చోట నవ్వితే దేశ సమైక్యత ఏం కావాలి చెప్పండి!

అసలు ఘోరం పుంగనూరు సంతలో జరిగింది. దారికి అడ్డంగా పారే మురుగుకాలువ మీద బండరాయి లేదు. చీకట్లోనే కాదు, పట్టపగలు కూడా మనుషులు పడేవాళ్లు. మునికుమార్ బొమ్మ వేశాడు. కాలువలోంచి ఒకడి తల మాత్రం బయటికి కనిపిస్తుంటుంది. గట్టు మీది మనిషి అడుగుతాడు: "ఏమప్పా, యాడికి?" తల జవాబు చెబుతుంది: "సంతకే అన్నా. ఈ దారైతే దగ్గర!"

సంతంతా పగలబడి నవ్వింది. ఆ కాలువ సంగతి చూడాల్సిన పెద్దమనిషి మరుసటి రోజు నుంచి ఎటు పోయినా, "ఏం సారూ, సంతకేనా? ఆ దారైతే దగ్గర" అని పలకరింపులు మొదలయ్యాయి. టీ కొట్లో అదే మాట. క్షవరానికి కూర్చుంటే అక్కడా అదే మాట. పాపం, పై సంతలోగా కాలువ మీద రాయి పడింది.

చూశారా ప్రమాదం! ఒక బొమ్మ గీస్తే రాయి పడింది. ఇలాగే గీస్తూ పోతే రోడ్లు పడతాయి, లైట్లు వెలుగుతాయి, కుళాయిల్లో నీళ్లొస్తాయి. ఇక అర్జీలు రాసేవాళ్లు ఏం తిని బతకాలి? నాయకులకు వచ్చే ఎన్నికల్లో ఇవ్వడానికి హామీలు ఎక్కడ మిగులుతాయి?

ఈ ఉపద్రవాన్ని ముందుగా పసిగట్టినవాడు భానుప్రకాశ్. "తాడుకు బొమ్మలేసుకుంటా పోతే మనకు గుర్తింపు ఎప్పుడొస్తాదప్పా? ఒక సంఘం ఉండాల. ఒక బోర్డు ఉండాల" అన్నాడు. అలా పుట్టింది మూడూళ్ల కార్టూనిస్టుల సంఘం. బోర్డు వచ్చింది. లెటర్‌ప్యాడ్ వచ్చింది. రబ్బరు స్టాంపు వచ్చింది. భానుప్రకాశ్ అధ్యక్షుడయ్యాడు. అధ్యక్షుడన్నాక వార్షికోత్సవం, వార్షికోత్సవమన్నాక ముఖ్య అతిథి తప్పవు గదా.

ముఖ్య అతిథిని కొందరు తిట్టుకుంటారు. ఆలస్యంగా వస్తాడు, ఎక్కువసేపు మాట్లాడతాడు, బొమ్మలు చూడకుండా భోజనానికి పోతాడు అంటారు. అజ్ఞానం! కళను శుద్ధి చేసే జల్లెడ ముఖ్య అతిథి. ఆ మహానుభావుడు రావడానికి ముందే బొమ్మల్లోని మలినమంతా దానంతటదే దిగిపోతుంది.

ఎలాగంటారా? సంఘం ఒక పరిశీలన కమిటీ వేసింది. ప్రదర్శనకు ముందు బొమ్మలన్నీ చాపల మీద పరుస్తారు. కమిటీవారు వంగి వంగి చూస్తూ ప్రతి బొమ్మకూ ఒకే ప్రశ్న వేసుకుంటారు. ఇది చూస్తే ముఖ్య అతిథి నొచ్చుకుంటాడా? నొచ్చుకోవచ్చు అని ఒక్కరికి తోచినా బొమ్మ చుట్టచుట్టి పక్కన పెట్టేస్తారు. పాపం, అతిథిని మాత్రం ఎవరూ అడిగిన పాపాన పోలేదు. అడిగితే నొచ్చుకోడూ?

మొదటి ఏడు ప్రైవేటు బస్సుల ఓనరు అతిథి. బస్సు బొమ్మలు పోయాయి. రెండో ఏడు డాక్టరు. సూది బొమ్మలు పోయాయి. ఆ పై ఏడు టమోటా మండీ యజమాని. మదనపల్లెలో టమోటా లేకుండా బొమ్మల ప్రదర్శన సాధ్యమేనా అని అనుమానించిన వాళ్లకు సంఘం సాధ్యమేనని నిరూపించింది. తర్వాత మహిళా సంఘం విజయమ్మ వంతు వచ్చింది. మొగుణ్ణి అప్పడాల కర్రతో కొట్టే పెళ్లాల బొమ్మలన్నీ పక్కకు పోయాయి. సంఘం సరుకులో ముప్పాతిక భాగం అదే! ఆమె మాత్రం హాలంతా తిరిగి, "ఏమప్పా, ఆడోళ్లు మొగోళ్లను కొట్టే బొమ్మ ఒగటీ లేదే? ఈ పొద్దు నవ్వుకుందామని వచ్చినానే" అంది. అది ఆమె మర్యాద కొద్దీ అన్న మాటని కమిటీ తేల్చింది.

ఇంకో చిక్కుంది. పోయిన ఏటి అతిథిని ఈ ఏడు గీయొచ్చా? కూడదు. మళ్లీ పిలవాల్సి రావచ్చు గదా! రాబోయే ఏటి అతిథినో? అసలే కూడదు. ఎవరు రాబోతున్నారో తెలియదు కాబట్టి ఎవరినీ గీయకూడదు.

చివరికి మిగిలింది ఒకే బొమ్మ. సముద్రం మధ్య చిన్న దీవి, దాని మీద ఒక టెంకాయ చెట్టు, చెట్టు కింద గడ్డం పెంచుకున్న మనిషి ఒకడు. ఆ దీవిలో కాంట్రాక్టరు లేడు, డాక్టరు లేడు, పెళ్లాం కూడా లేదు. ఎవరు నొచ్చుకుంటారు? మా వైపు రామసముద్రమని ఊరుంది గానీ అక్కడ సముద్రం లేదు. అయినా రెండువేల సంవత్సరం దాటేసరికి మూడూళ్ల కార్టూనిస్టులందరూ దీవులే గీస్తున్నారు.

అప్పటి నుంచి సంఘం ఎదుగుదల చూడండి! దీవి గీయడానికి గీత తిన్నగా రావాల్సిన పని లేదు గదా, సభ్యులు కుప్పలు తెప్పలుగా చేరారు. వాల్మీకిపురంలో శాఖ వెలిసింది. సదుంలో కన్వీనర్ వెలిశాడు. ఆయన జీవితంలో పెన్సిలు పట్టింది లేదు గానీ శాలువా కప్పించుకోవడంలో మంచి అనుభవం ఉన్నవాడు. కుప్పం శాఖకు ముగ్గురు ఉపాధ్యక్షులు. జిరాక్స్ షాపు పవన్ కుమార్ ఒక దీవి గీసి, కాపీలు తీసి, కొత్త సభ్యులకు పంచి పుణ్యం కట్టుకున్నాడు.

ఒక్క మునికుమార్‌కే రోగం కుదర్లేదు.

అతను ఉండే కాలనీ పుంగనూరు అంచున మిట్ట మీద ఉంది. అక్కడ ఒక నీళ్ల ట్యాంకు ఉంది. ట్యాంకు ఉంది అన్నానే గానీ నీళ్లున్నాయని అనలేదు. కట్టిన కాంట్రాక్టరు గంగులప్ప. రిబ్బను కత్తిరించిన నాయకుడూ గంగులప్పే. ఇంత సౌకర్యం ఎక్కడైనా ఉందా? పనిలో లోపముంటే ఆయనకు ఆయనే ఫిర్యాదు చేసుకోవచ్చు. పైపు మాత్రం మిట్ట ఎక్కలేదు.

మునికుమార్ భార్య మారెమ్మ టమోటా మండీలో కాయలు ఏరే కూలికి పోతుంది. ట్యాంకరు వచ్చిన రోజు బిందెల వరసలో నిలబడిపోతే మండీకి ఆలస్యమవుతుంది. ఆలస్యమైతే ఆ రోజు పనిలేదు పొమ్మంటారు. మండీకి పోతే ఇంట్లో నీళ్లుండవు, నీళ్లకు పోతే ఇంట్లో కూలి ఉండదు. ఏళ్ల తరబడి ఇదే బతుకు. మునికుమార్ కడుపు రగిలి ఒక బొమ్మ వేశాడు. ఎత్తైన ట్యాంకు అంచు మీద కాకి. దాని ముక్కున రాయి, పక్కన రాళ్ల గుట్ట. కింద గంగులప్ప బొజ్జతో సహా నిలబడి రిబ్బను కత్తిరిస్తున్నాడు. కాకి అంటుంది: "అడుగున ఒక్క చెంబుడు పోసింటే, మిగతాది నేను సూసుకుందును గదన్నా!"

కాలువ మీద రాయి పడినట్టే కాలనీకి నీళ్లు వస్తాయని అతని ఆశ. ఏటేటా బొమ్మ తెస్తాడు. ఏటేటా కమిటీ చుట్టచుట్టి ఇచ్చేస్తుంది.

"గంగులప్పన్నను ఎప్పుడో ఒగప్పుడు పిలవాల గదప్పా. యాల తొందర?" అంటాడు భానుప్రకాశ్.

"ఈ తూరి కూడా ఎగరలేదా నీ కాకి?" అంటుంది మారెమ్మ, ఖాళీ బిందె దించుతూ. ఆ మాట మునికుమార్‌కు ముల్లులా గుచ్చుకునేది.

రెండువేల ఆరులో ఆ ఎప్పుడో ఒకప్పుడు రానే వచ్చింది. మదనపల్లెలో వార్షికోత్సవం, గంగులప్ప ముఖ్య అతిథి. హాలు నాలుగు గోడలా దీవులు! గంగులప్ప చేతులు వెనక్కి కట్టుకుని ఒక గోడంతా చూశాడు. రెండో గోడ దగ్గర ఆగాడు.

"ఇదేందప్పా, అన్నీ ఒగటే మాదిరి ఉండాయే?"

"లేదన్నా, సూడండి. దాంట్లో టెంకాయలు రెండు. దీంట్లో మూడు" అన్నాడు భానుప్రకాశ్.

"అది సరే. నా బొమ్మ యాడ?"

"మిమ్మల్ని ఎవురూ గీయలేదన్నా" అన్నాడు అధ్యక్షుడు గర్వంగా.

గంగులప్ప మొహం మాడిపోయింది. "యాల? నాకేం తక్కువ? పేపర్లో ప్రతి లీడరునూ గీస్తాండారు. నన్ను గీసేవాడు ఒగడూ లేడంటే నేను లీడరు కానట్టా?"

ఇన్నేళ్ల తపస్సుకు ఫలం ఇది! ముఖ్య అతిథి నొచ్చుకున్నాడు! కమిటీవారికి ముచ్చెమటలు పోశాయి. మూలనున్న మునికుమార్ లేచి, చంకలోని బొమ్మ చుట్ట విప్పి పట్టుకున్నాడు. గంగులప్ప కోపంతో మండిపోతాడు, అవమానంతో తల దించుకుంటాడు, రేపే పైపు వేయిస్తాడు అనుకున్నాడు.

గంగులప్ప బొమ్మ చూశాడు. కాకిని చూశాడు. తన బొజ్జను చూసుకున్నాడు. పొట్ట పట్టుకుని పడీపడీ నవ్వాడు.

"శభాషప్పా! బొజ్జ అచ్చం దించేసినావే!"

మునికుమార్ భుజాల మీద శాలువా పడింది. చప్పట్లు మోగాయి. బొమ్మను గంగులప్ప కారులో పెట్టించుకుని పోయాడు. ఇంటి హాల్లో అద్దాల ఫ్రేము కట్టించాడు. వచ్చినవాళ్లకల్లా చూపించి, "నా మీద ఏసినాడబ్బా" అని మురిసిపోయాడు. ఏ కాలనీ కోసం గీశాడో ఆ కాలనీలో ఒక్కరు కూడా ఆ బొమ్మ చూసింది లేదు.

"ఏమన్నాడు?" అంది మారెమ్మ వార్షికోత్సవం అయిన రాత్రి.

"నవ్వినాడు."

"నవ్వి?"

"ఇంటికెత్తుకోని పోయినాడు. వచ్చినోళ్లను కూర్చోబెట్టి, చల్లనీళ్లిచ్చి సూపిస్తాడంట."

మారెమ్మ శాలువాను అటూ ఇటూ తిప్పి చూసింది. "నీళ్లిస్తాడా?" అని ఒక్క మాట అడిగింది.

వారం తిరక్కముందే ఒక ఉదయం గంగులప్ప గేటు ముందు ఆడవాళ్లు వరస కట్టారు. కాలనీ కాలనీ అంతా! ఆ రోజు ఒక్కరూ మండీకి పోలేదు. అందరి చంకలో బిందెలే.

"ఏందమ్మా ఇదంతా?" అన్నాడు గంగులప్ప, పంచె సర్దుకుంటూ బయటికొచ్చి.

"బొమ్మ సూసేదానికి వచ్చినామన్నా" అంది ముందు నిలబడ్డ మారెమ్మ.

"బిందెలు యాల?"

"బొమ్మ సూసేదానికి వచ్చినోళ్లకు నీళ్లిస్తారంట గదా?"

వీధిలో పోయేవాళ్లు ఆగారు. ఎవరో కిసుక్కుమన్నారు. ఎదుటి ఇడ్లీ బండి దగ్గర నవ్వు మొదలై బస్టాండు దాకా పోయింది. గంగులప్ప ఈసారి నవ్వలేదు. మరుసటి సోమవారం మిట్ట మీద పైపుకోసం గుంత తవ్వే మనుషులు దిగారు.

సంఘం చూస్తూ ఊరుకుంటుందా? అత్యవసర సమావేశం పెట్టింది. గంగులప్ప గారి ఇంటి ముందు జరిగిన సంఘటనను కార్టూన్‌గా గుర్తించలేమనీ, అందులో పాల్గొన్నవారెవరికీ సంఘంలో సభ్యత్వం లేదనీ, అతిథి నొచ్చుకున్నందుకు సంఘం తీవ్రంగా చింతిస్తున్నదనీ భానుప్రకాశ్ తీర్మానం చదివాడు.

వింటున్న మునికుమార్ ఆపుకోలేక నవ్వేశాడు. సంఘం పుట్టిన తర్వాత దాని సమావేశంలో ఒక సభ్యుడు నవ్వడం అదే మొదలు.