తల్లిని మాత్రమే తీసుకురావాలి

ఆ ఆదివారం ఉదయం రామమూర్తిగారి పథకం చాలా చిన్నది. రెండు పెసరట్లు తినాలి. మూడోది వద్దనాలి. భార్య సుభాషిణి వినకుండా వేస్తే అదీ తినాలి. ఆ తరువాత మయూర్ విహార్‌లోని తమ హౌసింగ్ సొసైటీ గేటు దగ్గరికి జోగయ్య వ్యాను తెస్తాడు. అతనితో గ్రేటర్ నోయిడా అవతలి పల్లెకు వెళ్ళి, ఒక దున్నపోతును ఎంపిక చేసి, భోజనం వేళకు ఇల్లు చేరాలి.

రామమూర్తిగారు కేంద్ర ప్రభుత్వంలో పశువైద్యుడిగా పనిచేసి రిటైరయ్యారు. జోగయ్యది శ్రీకాకుళం వైపు. సైన్యంలో హవల్దారుగా చేసి, చివరి పోస్టింగు ఢిల్లీ కంటోన్మెంటులో ముగించుకుని, ఆ పల్లెలో తొమ్మిది గేదెలతో డెయిరీ పెట్టాడు. కిందటిసారి తన మందకు విత్తనపు దున్నను అతనే చూసి కొన్నాడు. సంతలో దానికి నూనె రాసి, పూలదండ వేసి, డప్పులతో ఊరేగించారు. అంత గొప్పగా ఊరేగిన పోతుకు పుట్టిన కూతుళ్ళు రెండో ఈతకే చతికిలబడ్డాయి. ఒకదానికి గిట్టలు చెడ్డాయి. ఒకదానికి పొదుగు నేలకు జారింది. మిగిలినవాటికి చూలు నిలవలేదు. ఈసారి కూడా పోతు తప్పితే గేదెల్ని అమ్మేసి, ఏదైనా మాల్ ముందు సెక్యూరిటీ గార్డుగా నిలబడమని భార్య మాణిక్యం తేల్చి చెప్పింది. పాతికేళ్ళు సరిహద్దులు కాచిన మనిషికి షాపింగుకు వచ్చేవాళ్ళ సంచులు తడమడం ఇష్టం లేదు. అందుకే రామమూర్తిగారిని ఆశ్రయించాడు.

"పోతు కండ చూడకు జోగయ్యా," అని ఆయన ముందురోజే ఫోన్‌లో చెప్పారు. "కండ మేత పెడితే ఎవరికైనా వస్తుంది. నీకు కావలసింది పదేళ్ళపాటు ఈనే కూతుళ్ళు. అవి ఎలా ఉంటాయో పోతులో కనపడదు, పోతు తల్లిలో కనపడుతుంది. దాని కాళ్ళు, పొదుగు, బుద్ధి చూడాలి. పోతుల్ని అసలు తేవద్దను. తల్లుల్ని తెమ్మను."

"అలగే సార్. నాను గ్రూపులో పెట్టేత్తాను."

జోగయ్య పెట్టాడు. చుట్టుపక్కల గేదెలు పెంచే రైతులంతా ఉన్న వాట్సాప్ గ్రూపులో, హిందీలో, మిలటరీ పద్ధతిలో పెట్టాడు: పోతు అమ్మదలచినవారు దాని తల్లిని మాత్రమే తీసుకురావాలి, డాక్టరుగారు స్వయంగా చూస్తారు, ఆలస్యం సహించబడదు. దాని కింద లొకేషన్ కూడా జత చేశాడు. అయితే అది అతని డెయిరీ లొకేషన్ కాదు. పొద్దున తనను ఎక్కించుకోవడానికి ఎక్కడికి రావాలో తెలియాలని రామమూర్తిగారు పంపిన లొకేషన్.

రెండో పెసరట్టు సగంలో ఉండగా గేటు నుంచి ఇంటర్‌కమ్ మోగింది.

"సాబ్, ఆప్ కే మెహమాన్ ఆయే హై," అన్నాడు గార్డు. అతిథులు వచ్చారట.

"భేజ్ దో," పంపించమన్నారు రామమూర్తిగారు.

అందరినీనా అని గార్డు మళ్ళీ అడిగాడు. "సబ్ కో?"

జోగయ్య మాణిక్యాన్ని కూడా తీసుకొచ్చాడన్నమాట అనుకున్నారాయన. "హా భయ్యా, సబ్ కో."

"లిఫ్ట్ మే నహీ ఆయేంగే, సాబ్."

లిఫ్టులో రారంటే, మాణిక్యానికి లిఫ్టంటే భయం కాబోలు. "అచ్ఛా, అయితే మెట్ల మీదుగా రమ్మను," అని హిందీలో చెప్పి ఫోన్ పెట్టేసి, "సుభాషిణీ, మాణిక్యం కూడా వస్తోంది, ఇంకో రెండు వెయ్యి," అన్నారు.

గార్డు గేటు బయటికి చూశాడు, మెట్ల వైపు చూశాడు. అతనిది ఎదురుచెప్పే ఉద్యోగం కాదు. కానీ నాలుగు అంతస్తుల మెట్లు వీటివల్ల కాదని సొంతంగా ఒక నిర్ణయం తీసుకుని, లారీలన్నింటినీ లోపలికి వదిలి, బేస్‌మెంట్ పార్కింగ్ వైపు చెయ్యి చూపించాడు.

ముందుగా చూసింది రామమూర్తిగారి కూతురు నేహా. బాల్కనీలోంచి తొంగిచూసి, చాలా నెమ్మదిగా లోపలికి వచ్చింది. "పాపా, డోంట్ ప్యానిక్. కింద ఆప్ కే గెస్ట్స్ హై."

"ఎంతమందే?" అంది సుభాషిణి, పిండిగిన్నె చూసుకుంటూ.

"మనుషులు కమ్ హై, మమ్మా. గేదెలు జ్యాదా."

రామమూర్తిగారు చేతిలో పెసరట్టు ముక్కతో, లుంగీతో కిందికి పరిగెత్తేసరికి సొసైటీ నిండా గేదెలున్నాయి. ఒకటి బ్యాడ్మింటన్ నెట్టు వాసన చూస్తోంది. ఒకటి ఎవరిదో కొత్త కారు బానెట్ మీద గడ్డం ఆనించి నెమరు వేస్తోంది. వీటి మధ్య నిలబడి సొసైటీ ప్రెసిడెంటు చద్దాగారు విజిల్ ఊదుతున్నారు. ప్రతి ఆదివారం పార్కులో అందరిచేతా వ్యాయామం చేయించే మనిషి కాబట్టి ట్రాక్‌సూట్‌లో ఉన్నారు, మెడలో విజిల్ ఉంది. అక్కడున్నవాళ్ళలో అధికారిలా కనబడినవాడు ఆయనొక్కడే. అందుచేత హర్యానా నుంచి వచ్చిన ఒక చౌధరి ఆయనే డాక్టరనుకుని దణ్ణం పెట్టాడు.

"యే సబ్ క్యా హై? కౌన్ హై యే?" ఇదెవరని చద్దాగారు అరిచారు.

"తూఫాన్ వాళ్ళమ్మ, సాబ్," అన్నాడు చౌధరి గర్వంగా.

తూఫాన్ ఎవరో పేరుమోసిన రౌడీ అయివుంటాడని చద్దాగారికి అనిపించింది. గొంతు తగ్గించారు. "తల్లిగారు కూడా వచ్చారా? ఎక్కడ?"

"మీ ముందరే," అని చౌధరి గేదె తోక ఎత్తి, ఆయన పరిశీలనార్థం పొదుగు చూపించాడు.

"నేను ఈ సొసైటీ ప్రెసిడెంటుని!" అని గావుకేక పెట్టారు చద్దాగారు.

చౌధరి వెనక్కి తిరిగి మిగతా రైతులతో, డాక్టరు చిన్నవాడేనని, ప్రెసిడెంటే దిగివచ్చాడని చెప్పాడు. అందరూ తమ తమ గేదెల్ని ఆయన చుట్టూ చేర్చారు. చద్దాగారి విజిల్ గేదెల మధ్యలోంచి వినిపించింది గాని ఆయన కనిపించలేదు.

ఈలోగా రెండో టవరులో ఇంకొక వార్త పుట్టింది. రామమూర్తి అంకుల్ సొసైటీలోనే డెయిరీ తెరుస్తున్నారట, కళ్ళ ఎదుటే పాలు పితికి ఇస్తారట. స్టీలు క్యాన్లు, బకెట్లు, ఒక ప్రెషర్ కుక్కరుతో ఆడవాళ్ళు వరస కట్టారు. "అంకుల్, పానీ తో నహీ మిలాతే నా?" నీళ్ళు కలపరు కదా అని ముందున్నావిడ అడిగింది. రామమూర్తిగారు బేస్‌మెంట్ ర్యాంపు వైపు చూస్తున్నారు.

లారీలు పట్టని, నున్నటి టైల్సు పరిచిన ఏటవాలు దారి అది. దిగుతున్న గేదెల్లో, సానపట్టిన కొమ్ములున్న ఒకటి ఎండకు కాలిన ఇసుకలో నడుస్తున్నట్టు కాలు తీసి కాలు వేస్తోంది. గిట్టల్లో బలం లేదు. రామమూర్తిగారు పెసరట్టు ముక్క నోట్లో పెట్టుకుని, "ఇది కాదు," అన్నారు. ఇంకొకటి పాలవరస దగ్గరికి వచ్చి, ప్రెషర్ కుక్కరును ఒక్క తాపు తన్నింది. "ఇదీ కాదు." తూఫాన్ తల్లి లాబీ అద్దంలో తనను తాను చూసుకుని, ఇంకెవరో అనుకుని బెదిరి, పరిగెత్తి వెళ్ళి ఫౌంటెన్‌లో కూర్చుంది. చౌధరి బతిమాలినా లేవలేదు. "అసలే కాదు." ముప్పైయేళ్ళ సర్వీసులో ఏ ప్రభుత్వ పశుక్షేత్రం తనకు ఇంత మంచి పరీక్ష ఏర్పాటు చేయలేదని ఆయనకు తోచింది.

"ఏమండీ," అంది సుభాషిణి వెనకనుంచి. చేతిలో మూడో పెసరట్టున్న పళ్ళెం. "మీరు ఈ గేదెల్ని తోలేస్తున్నారా, లేక ఇంటర్వ్యూ చేస్తున్నారా?"

"ఒక్క పది నిమిషాలు."

పది నిమిషాలు దొరకలేదు. చద్దాగారు గేదెల మధ్యనుంచి ఎలాగో బయటపడి, పశువుల్ని పట్టుకుపోయే బండికి ఫోన్ చేశారు. బండి ఆశ్చర్యకరంగా వెంటనే వచ్చింది. తాళ్ళు పట్టుకుని మనుషులు దిగారో లేదో, రైతులు కేకలు వేసుకుంటూ తల్లుల్ని లారీల్లోకి ఎక్కించారు. చౌధరి తన గేదెను ఫౌంటెన్‌లోంచి ఎలా లేపాడో ఎవరూ చూడలేదు, లేపాడు. లారీలు వెళ్ళాయి, వాటి వెనకే పట్టేవాళ్ళూ వెళ్ళారు. సొసైటీలో పేడ, సొట్టపడ్డ ప్రెషర్ కుక్కరు, నిశ్శబ్దం మిగిలాయి.

అప్పుడు వచ్చాడు జోగయ్య. వ్యానులోంచి దిగుతూనే మొదలుపెట్టాడు.

"సార్! పొద్దునే వద్దామనుకున్నాను, ఆళ్ళని వదిలేసి ఎలగొస్తాను? టెంటేసి, కుర్సీలేసి, టీలు కాయించి కూకున్నాను. ఒక్కడూ రాలేదు సార్! మీరు ఫోనెత్తరు!"

"ఫోను పెసరట్ల దగ్గరుంది," అన్నారు రామమూర్తిగారు. "వాళ్ళంతా ఇక్కడికి వచ్చారు. వెళ్ళిపోయారు కూడా."

జోగయ్య ఫోన్ తీసి తను పంపిన లొకేషన్ చూసుకున్నాడు. అలాగే కాలిబాట అంచు మీద కూలబడ్డాడు. "ఇంక ఒక్కడూ నా మొకం సూడడు సార్. మాణిక్యం నన్ను మాల్ కాడ నిలబెట్టేత్తాది. ఇంక ఆ యూనిఫారం కొలతలిచ్చీడమే."

రామమూర్తిగారు అతని మాట వినడం లేదు. తోట పక్కన ఒక ముసలి గేదె నిలబడివుంది. విజిల్‌కీ, లారీలకీ, తాళ్ళకీ అది కదల్లేదు. పట్టేవాళ్ళు కూడా పరిగెత్తేవాటి వెంట పడ్డారు గాని, నిలబడ్డదాని జోలికి పోలేదు. నాలుగు కాళ్ళూ నిటారుగా ఉన్నాయి. పొదుగు కడుపుకు అంటుకుని ఉంది.

"కిస్ కీ హై?" ఎవరిదని అడిగారాయన.

చెట్టు వెనకనుంచి పారతో ఒక పెద్దమనిషి వచ్చాడు. పేరు హర్‌కేశ్. యమున ఒడ్డు లంకభూముల్లో, ఖాదర్‌లో ఉంటాడు. తెల్లవారకముందే సొసైటీ తోటకు ఎరువు తెచ్చి, గొడవంతా అయ్యేదాకా గులాబీ మొక్కలకు వేస్తూనే ఉన్నాడు. పోటీకి రాలేదు, వాట్సాప్ లేదు.

"మరి గేదెను ఎందుకు తెచ్చావు?"

మా ఆవిడ పోయినప్పటినుంచి ఇది నన్ను తప్ప ఎవరినీ పొదుగు ముట్టుకోనివ్వదు సాబ్, అన్నాడు హర్‌కేశ్. సాయంత్రందాకా ఇంట్లో ఉండను కదా, అందుకని వెంట తెచ్చుకుంటాను. ఆ మాట చెప్పి, పారకంటిన ఎరువును జాగ్రత్తగా రాల్చాడు.

"ఎన్ని ఈతలైంది?"

లెక్క తెలియదు. పెద్దకూతురి పెళ్ళయిన ఏడు తొలిసారి ఈనింది. ఇప్పుడు ఆ కూతురి కూతురు ఎనిమిదో తరగతి. మధ్యలో ఒకటి రెండేళ్ళు తప్పాయేమో.

జోగయ్య లేచి నిలబడ్డాడు. రామమూర్తిగారు గొంతు సవరించుకున్నారు. "దీనికి మగదూడ ఏమైనా..."

"హై నా," అని హర్‌కేశ్ వేలు చూపించాడు.

ఎరువు తెచ్చిన బగ్గీ అనే బండికి కట్టిన దున్నపోతు చద్దాగారు స్వయంగా కత్తిరించుకునే మొక్కల కంచెను, ఈ చివరినుంచి మొదలుపెట్టి, మూడువంతులు పూర్తిచేసి ఉంది. పోతుల్ని తేవద్దన్న ఈ సభకు హాజరైన ఏకైక పోతు అది. రామమూర్తిగారు దాని చుట్టూ తిరిగారు, గిట్టలు ఎత్తిచూశారు, నడిపించారు, వెనకనుంచి వంగి చూడవలసినవన్నీ చూశారు.

"బండి లాగీదాన్నా సార్?" అన్నాడు జోగయ్య చిన్నగా.

"దండ వేసినదాన్ని ఒకసారి కొన్నావు కదయ్యా. రక్తపరీక్ష అయ్యేదాకా మందలోకి వదలకు. అది బాగుంటే ఇదే."

హర్‌కేశ్ ఒప్పుకోలేదు. దీన్ని ఇచ్చేస్తే బగ్గీ ఎవరు లాగుతారు, మీరా, అని అడిగాడు. పైగా తల్లి లేనిదే ఇది అడుగు వేయదు. నేను లేనిదే తల్లి అడుగు వేయదు. జోగయ్య ఆలోచించాడు. తొమ్మిది గేదెల ఎరువు తన దగ్గర గుట్టగా పడివుంది, ఎత్తేవాడు లేడు. చుట్టూ కొత్త కాలనీలు, కొత్త తోటలు. పక్కన ఒక గది ఖాళీ. అవన్నీ చెప్పి, హర్‌కేశ్ తల ఊపాక ఫోన్ తీశాడు.

"ఓలె మాణిక్యం, పోతు దొరికినాదే."

"ఒకటేనా?"

"ఒకటే. ఆళ్ళమ్మ కూడా వత్తంది."

"ఎవులమ్మ?"

"పోతు అమ్మే. ఆవిడితో పాటు ఒక పెద్దాయన."

"బోజినానికా?"

"కాదే. ఉండిపోడానికి."

ఆ తరువాత ఫోన్‌లో వచ్చినదంతా జోగయ్య అటెన్షన్‌లో నిలబడి విన్నాడు.

ఆ మధ్యాహ్నం నోయిడా రోడ్డు మీద ఒక బగ్గీ సాగిపోయింది. దాని మీద హర్‌కేశ్, పక్కన ఛాతీ విరుచుకున్న మాజీ హవల్దారు, వెనక తాడుకు ముసలి గేదె. వాటి వెనక, లైట్లు వెలిగించి ఆర్పుతూ, గేదె నడకకు సమానంగా వ్యాను నడుపుతూ, లుంగీలో రామమూర్తిగారు. వెనక బారులు తీరిన కార్ల హారన్లకు గేదె ఒక్కసారి కూడా తల తిప్పలేదు. భోజనం వేళ ఎప్పుడు దాటిందో ఆయనకు తెలియలేదు.

మర్నాడు చద్దాగారు నోటీసు పెట్టారు: ఇకమీదట అతిథులు మనుషులై ఉండవలెను. సాయంత్రం రామమూర్తిగారి ఇంటికి వచ్చి, మనవరాలి కోసం అని చెప్పి, ఆ పోతుకు కూతుళ్ళు పుట్టి ఈనితే తనకు రోజూ అరలీటరు కావాలని ముందుగా చెప్పుకుని వెళ్ళారు. అవి పుట్టి, పెరిగి, పాలివ్వడానికి ఎంతలేదన్నా ఐదేళ్ళు పడుతుంది. చద్దాగారి పదవీకాలం రెండేళ్ళే.