శరణార్థులకు పెట్టుడు చీరలు

సోమవారం పొద్దున చాయ్ తాగుతూ దేవేందర్ ఒక ఉపాయం ఆలోచించాడు. అతని ఉపాయాలు చాయ్ చల్లారేలోపే చెడిపోతాయి. ఇది మాత్రం గురువారం దాకా బతికింది.

అతను కోరుట్లలో ఒక విదేశీ లూథరన్ సేవాసంస్థలో పనిచేస్తాడు. యుద్ధాల వల్ల ఇల్లూ ఊరూ వదిలిన వాళ్ళకు ఆ సంస్థ దేశదేశాల్లో గుడారాలు వేస్తుంది, నీళ్ళు ఇస్తుంది. కోరుట్లలో ఆడవాళ్ళకు కుట్టుపని నేర్పిస్తుంది. ఆ కుట్టు కేంద్రానికి దేవేందర్ ఇన్‌ఛార్జి. నెలాఖరుతో అతని కాంట్రాక్టు అయిపోతుంది. పొడిగించాలో వద్దో తేల్చడానికి హైదరాబాదు ఆఫీసు నుంచి తవమణి మేడం గురువారం వస్తున్నది. ఫోనులో ఆమెతో అతను ఒక మాట అనేశాడు. తమిళనాడు క్యాంపుల్లో ఉన్న శ్రీలంక శరణార్థుల కోసం ఇక్కడి ఆడవాళ్ళు తలా ఒక కొత్త చీర మనసారా ఇస్తున్నారని చెప్పాడు. ఆమె సంతోషించింది. అప్పటికి ఆ సంగతి ఇక్కడ ఏ ఆడమనిషికీ తెలియదు.

ముందు భార్య రజితను అడిగాడు. ఆమె పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే మంచం కింద ఉన్న సంచి చూపించింది.

ఆ పెట్టుడు చీరల సంచి లేని ఇల్లు ఈ ప్రాంతంలో లేదు. పెళ్ళికో పురుడుకో పోయిన ఆడవాళ్ళకు బొట్టు పెట్టి చీర పెడతారు. ఆ చీర ఎవరూ కట్టుకోరు. కవరు విప్పకుండా దాచి, ఇంకో ఇంట్లో శుభకార్యం వస్తే ఇంకొకరికి పెడతారు. పెట్టేవాళ్ళకు తెలుసు, పుచ్చుకునేవాళ్ళకూ తెలుసు. ఎవరూ పైకి అనరు. మర్యాద అంటే అదే.

దేవేందర్ సిరిసిల్లలో రజిత తల్లి సత్యవ్వ దగ్గరికి పోయాడు. ఆమెది మరమగ్గాల ఇల్లు. మగ్గాల చప్పుడులో రెండుసార్లు చెప్పించుకుని ఆమె కూడా మంచం కిందికే వంగింది. తల్లి నర్సవ్వ ఇచ్చింది. కుట్టుపనికి వచ్చే ఆడవాళ్ళంతా ఇచ్చారు. రాయికల్‌లో చెల్లెలు ప్రవళిక ఏకంగా సంచి బోర్లించింది.

"గా క్యాంపులల్ల గివి ఎవలు గుర్తువడ్తరే అన్నా, తీస్కపో" అన్నది.

అతను అక్కడితో ఆగితే బాగుండేది. కానీ మేడం కళ్ళకు దానం నిండుగా కనబడాలి. బుధవారం సాయంత్రం కుట్టు కేంద్రం హాలులో ఈ గోడ నుంచి ఆ గోడకు తాడు కట్టాడు. చీరలన్నీ కవర్లతోనే వరసగా వేలాడదీశాడు. ఒక్కోదానికి ఇచ్చినవాళ్ళ పేరు రాసి పిన్నీసు పెట్టాడు.

గురువారం సత్యవ్వ తన పేరు చూసుకోవడానికి వేములవాడ మీదుగా బస్సెక్కి వచ్చింది. చీరలు ఇచ్చిన మిగతావాళ్ళూ అప్పటికే హాలులో ఉన్నారు. పేరు కనబడింది. ఆ పక్కనే చిలకపచ్చ చీర కూడా కనబడింది. దాని మీద ప్రవళిక పేరు ఉన్నది. సత్యవ్వ చాలాసేపు దాన్నే చూసి, వియ్యపురాలు నర్సవ్వ వైపు తిరిగింది.

"గిది నా బిడ్డ పెండ్లిల నీకు వెట్టింది గాదా వదినె?"

"ఏమో వదినె. గసొంటియి మస్తుంటయి."

"మా ఇంటాయన చేతిమగ్గం మీద నేసిండు. నాకు తెల్వదా?"

నర్సవ్వ అప్పుడైనా ఊరుకోవలసింది. కానీ సత్యవ్వ పేరున్న వంకాయరంగు చీర ఆమె కంట పడింది. అది తాను పెట్టినదే. ఆ మాట గట్టిగానే అన్నది. ఇంతలో ప్రవళిక తన వదిన రజిత పేరు కింద ఒక చీర దగ్గర ఆగిపోయింది.

"నీ శ్రీమంతానికని ఏరుకోని తెచ్చిన వదినె."

"ఏరింది నీ మంచం కిందనే గదా" అన్నది రజిత.

ఆ తర్వాత హాలులో ఎవరూ తమ పేరు చూసుకోలేదు. ఒకప్పుడు తాము పెట్టిన చీర ఇప్పుడు ఎవరి పేరు మీద ఉన్నదో వెతికారు. వెతికిన వాళ్ళందరికీ దొరికింది.

దేవేందర్ పరుగెత్తి పేర్ల కాగితాలన్నీ పీకేశాడు. పేర్లు పోతే గొడవ పోతుందనుకున్నాడు. ఎవరు తెచ్చింది వాళ్ళు తీసుకొమ్మని బతిమాలాడు. ఒక్కరూ కదలలేదు. తీసుకుంటే తెచ్చింది తామేనని ఒప్పుకున్నట్టు. అందుకని తెచ్చింది వదిలి, ఎప్పుడో పెట్టింది నాదంటే నాదని లాగారు. తాడు తెగింది. చీరలన్నీ నేల మీద కుప్ప పడ్డాయి.

వాకిట్లో తవమణి నిలబడి ఉన్నది.

నడివయసు మనిషి, ఒంటి మీద వెలిసిన నూలు చీర. లోపలికి వచ్చి కూర్చుని చిలకపచ్చ చీర తీసి కవరు విప్పింది. ఏళ్ళ తరబడి మడతలో ఉన్న బట్ట మడతకొక చోట చీలి ఉన్నది. సత్యవ్వ తల వంచుకున్నది.

"నేను కూడా శ్రీలంక నుంచి పడవలో వచ్చినదాన్నే" అన్నది తవమణి. "చిన్నప్పుడు క్యాంపులో ఉన్నాం. ఇలాంటి చీరలు లారీల్లో వచ్చేవి."

"కట్టుకునేటోళ్ళా మేడం?" అని సత్యవ్వ చిన్నగా అడిగింది.

"లేదమ్మా. పక్క గుడిసెలో పెళ్ళయితే పెట్టేవాళ్ళం."

ఒకామె నవ్వింది. తనొక్కతే నవ్వుతున్నానని తెలిసి ఆగిపోయింది.

కొత్తవి అక్కర్లేదని, వాడి మెత్తబడిన నూలు చీరలుంటే ఇమ్మని, క్యాంపుల్లో పసిపిల్లల కింద పరచడానికి పనికొస్తాయని తవమణి చెప్పింది. నూలు చీర లేని ఇల్లు అక్కడ ఒక్కటీ లేదు. సగంమంది ఇళ్ళు నడిచిపోయేంత దూరమే. అయినా ఎవరూ లేవలేదు. కట్టుకునే చీర ఎట్లా ఇస్తారు? దేవేందర్ ఫ్యాను చూస్తున్నాడు.

ఆమె లేచి గడప దాకా పోయింది. నర్సవ్వకు చెయ్యి ఆగలేదు. ఆడమనిషిని గడప దాటించే పద్ధతి ఒకటి ఉన్నది.

"ఆగు బిడ్డా. ఉట్టి చేతుల పోవద్దు."

కుంకుమ తెప్పించి బొట్టు పెట్టింది. వంగి కుప్పలో చేతికందిన కవరు తీసి, దుమ్ము దులిపి ఆమె చేతుల్లో పెట్టింది. ఆడవాళ్ళంతా మంచి పని జరిగినట్టు తలలూపారు. ఆ తర్వాత ఒక్కొక్కరికీ తెలిసివచ్చింది, ఏం పెట్టారో, ఎవరికి పెట్టారో. అయినా పెట్టిన చీర వెనక్కి తీసుకోకూడదు. నర్సవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

తవమణి దాన్ని రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకున్నది. కవరు విప్పలేదు. ఆమెకు మర్యాద తెలుసు. మెట్ల మీద దేవేందర్‌తో మెల్లగా అన్నది.

"నెలాఖరుకు కేంద్రం తాళాలు పంపించండి."

మిగిలిన చీరలు సాయంత్రానికల్లా సంచుల్లోకి, సంచులు మంచాల కిందికి చేరాయి. కోరుట్ల నుంచి శరణార్థికి ముట్టింది ఆ ఒక్క చీరే.