పిన్నికి పెరిగిన అంతస్తు

ఆస్తిపన్ను పెరిగిందని ఏడ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పెరిగింది పన్నా? కాదు మహాశయులారా, పెరిగింది మీ అంతస్తు! చుట్టాలు పెంచరు, ఇరుగుపొరుగు పెంచరు, సొంత పిల్లలైతే అసలే పెంచరు. మనం నోరు తెరిచి అడక్కుండానే మనల్ని ఒక మెట్టు పైకెక్కించే సంస్థ లోకంలో ఒక్కటే ఉంది. అదే పన్ను మదింపు కార్యాలయం. దాన్ని తిట్టడానికి మీకు నోరెలా వస్తుంది?

నమ్మకం కుదరకపోతే మా పిన్ని సంగతి వినండి.

పిన్నిది రెండు గదుల ఇల్లు. షట్టర్ ఉన్న ముందు గదిలో కుట్టు మిషను, వెనక గదిలో వంటా పడకా. వెనక గదిలో తల పైన ఒక అటక. అటక మీద రెండు రేకు పెట్టెలు, కాలు విరిగిన కుర్చీ, బాబాయి పోయాక ఎవరూ తెరవని గొడుగు. ఒకే అంతస్తున్న చిన్న ఇళ్లకు పన్నులో రాయితీ ఉంది కాబట్టి, బట్టలు కుట్టి వచ్చే డబ్బుతో ఆమె ముందు గదిని నిలుపుకుంటూ వచ్చింది. రాయితీ పోతే ఆ గది అద్దెకివ్వాలి, మిషను వంటింటి మూలకు చేరాలి. ఆ మూలలో పట్టపగలు కూడా సూదిలోకి దారం ఎక్కదు.

ఒకే ఒక్క అంతస్తు! వినడానికే ఎంత నామోషీ! కార్యాలయం వారి గుండె తరుక్కుపోయి, వెంటనే ఒక కొలతల ఉద్యోగిని పంపారు.

ఆయన ఆరడుగుల మనిషి. నడుముకు టేపు, చెవి వెనక పెన్సిలు, చేతిలో ఫారం. గదులు కొలిచాడు, గోడల మందం కొలిచాడు, మిషను మీద పడుకున్న పిల్లిని కొలవబోతే అది లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాత అటక మీద ఆయన కన్ను పడింది. ఫారంలో ఒక ప్రశ్న ఉందట: పై భాగంలో మనిషి నిటారుగా నిలబడగలడా? ఆయన నిచ్చెనెక్కి ప్రయత్నించాడు. నెత్తికి దూలం తగిలి బొప్పి కట్టింది. న్యాయంగా కథ అక్కడితో అయిపోవాలి.

కిందికి దిగి నెత్తి రుద్దుకుంటూ, "అమ్మా, పోనీ మీరు నిలబడగలరా అక్కడ?" అని అడిగాడు.

మా పిన్నిని అడగకూడని ప్రశ్న అది. నాలుగడుగుల ఎనిమిదంగుళాల మనిషి. పొట్టి పొట్టి అని చిన్నప్పుడు ఏడిపించినవాళ్లు చాలరన్నట్టు, ముసలిదానివయ్యావని ఇప్పుడు ఏడిపించేవాళ్లు తయారయ్యారు.

"నిలబడలేకేం బాబూ? నా మోకాళ్లకేం వచ్చింది?" అంటూ చకచకా నిచ్చెనెక్కి, రేకు పెట్టెల మధ్య నిటారుగా నిలబడి చూపించింది.

ఆయన పెన్సిలు తీసి రాసుకున్నాడు. అంతస్తులు: రెండు.

ఆ సాయంత్రం ఆమె సంబరం చూడాలి! "ఏరా, నన్ను చూసి ఆ అబ్బాయి నోరెళ్లబెట్టాడు తెలుసా?" అంది. నెల తిరక్కుండానే నోటీసు వచ్చింది. రెండంతస్తుల భవనం, రాయితీ రద్దు.

ఉన్నట్టుండి మేడకు యజమానురాలైన ఆడమనిషిని అభినందించాల్సింది పోయి, నా బుద్ధి గడ్డి తిని ఆమె చేత అప్పీలు చేయించాను.

అప్పీలంటే ఏమనుకున్నారు? ఒంటికి అంతకంటే మంచిది లేదు! మూడో కౌంటర్ నుంచి ఏడో కౌంటర్‌కి, అక్కడినుంచి మెట్లెక్కి పైకి, సంతకం లేదని మళ్లీ కిందికి. టోకెన్లు ఇచ్చే గుమస్తాను కలవడానికి ఒక టోకెన్. అటక అంతస్తు కాదని ధ్రువపత్రం తెమ్మన్నారు. అదెవరిస్తారంటే, "అంతస్తులకే ఇస్తామండీ, అంతస్తు కానివాటికి ఇవ్వం" అన్నారు. ఖాళీ అటక ఫొటో తీసుకెళ్తే, మనిషి లేకుండా ఎత్తెలా తెలుస్తుందన్నారు. పిన్ని నిలబడ్డ ఫొటో తీసుకెళ్తే, నిలబడ్డారు కదా అన్నారు. ఇంత స్పష్టంగా మాట్లాడేవాళ్లు మీ ఇంట్లో ఒక్కరున్నారా? మా ఇంట్లో లేరు.

ఐదో నెలలో అప్పీలు అధికారి దర్శనమైంది. నేను గొంతు సవరించుకుని వాదించాను.

"సార్, మా పిన్ని బాగా పొట్టి. మామూలు మనిషెవరూ ఆ అటక మీద నిలబడలేరు."

ఆయన తాపీగా తలెత్తాడు. "అంటే మీ పిన్నిగారు మనిషి కాదంటారా?"

పిన్ని నన్ను చూసిన చూపు ఈ జన్మలో మర్చిపోలేను. గమనించారా? ఆమెను మనిషిగా గుర్తించింది ప్రభుత్వం. కాదని వాదించడానికి వెళ్లింది సొంత అక్క కొడుకు!

ఇక నాతో లాభం లేదనుకుని ఆమే అందుకుంది. "బాబూ, మా ఇంటికి ఎదురుగా తొమ్మిదంతస్తుల మేడ లేచింది కదా, దానికెంత వేశారు?"

ఆయన రిజిస్టరు తిరగేశాడు. "అక్కడ మేడేం లేదమ్మా. ఖాళీ స్థలం."

"ఖాళీ స్థలమైతే, మధ్యాహ్నం దాటేసరికి నా ఇంటి మీద అంత నీడ ఎక్కడ్నుంచి పడుతోంది?"

ప్రజల మాట పెడచెవిన పెట్టే రకం కాదాయన. కాసేపు ఆలోచించి, ఫైలులో ఒక వాక్యం చేర్చాడు: ఈ ఇంటికి శాశ్వత నీడ వసతి కలదు. దాంతో ఇంటి విలువ మరికాస్త పెరిగింది. అప్పీలు కొట్టేశారు.

ఎదుటి మేడను కొలవలేదేమని కొందరు గొణుగుతారు. ఎలా కొలుస్తారండీ? గేటు దగ్గర యూనిఫాం వేసుకున్న కాపలావాడు ఉన్నాడు, పేరూ ఊరూ అడుగుతాడు. పిన్ని అయితే తలుపు తీసింది, కుర్చీ వేసింది, మంచినీళ్లిచ్చింది, నిచ్చెన కూడా తనే తెచ్చి ఆనించింది. మర్యాద చేసినవాళ్ల ఇంటికి వెళ్లాలా, గేటు వేసుకున్నవాళ్ల ఇంటికి వెళ్లాలా? మీరే చెప్పండి.

మిషనును వంటింటి మూలకు మోసింది నేనే. పిన్ని దారాల డబ్బా పట్టుకుని నా వెనకే వచ్చింది. షట్టర్‌కి 'అద్దెకు ఇవ్వబడును' అని అట్ట కట్టాం.

మూడో రోజే ఒకాయన వచ్చాడు. కారు పెట్టుకోవడానికి కావాలట, వీధిలో వదిలేస్తే గీతలు పడుతున్నాయట. అడుగులేసి గది పొడవు చూసుకున్నాడు, గోడ మీద వేలితో కొట్టి పెదవి విరిచాడు. "ఈ పాత కొంపకి ఇంత అద్దా అమ్మా? ఏముందని దీని విలువ?" అన్నాడు.

అప్పుడు గుర్తుపట్టాను. అప్పీలు అధికారి! ఆయన మమ్మల్ని గుర్తుపట్టలేదు. రోజుకు ఇంతమంది అంతస్తులు పెంచే మనిషి, ఎవరినని గుర్తుపెట్టుకుంటాడు?

పిన్ని మాత్రం ఎప్పుడో గుర్తుపట్టింది. కాగితం, పెన్ను తెచ్చుకుని, మర్యాదగా అడిగింది. "అలాగే బాబూ, తగ్గించుకుందాం. అద్దె కాగితంలో రాయాలి, మీరుండేది ఎక్కడ?"

"ఇక్కడేనమ్మా, ఎదురుగానే" అంటూ ఆయన వీధి అవతలి ఖాళీ స్థలంలోకి, బాగా పైకి, వేలెత్తి చూపించాడు. "ఐదో అంతస్తు."