మాయమైన కారణం తప్పనిసరి

సముద్రం ఇకమీదట మనుషుల్ని ఇష్టం వచ్చినట్టు మాయం చేయడానికి వీల్లేదని జిల్లా యంత్రాంగం నిర్ణయించింది. ఎవరు మాయమైనా కారణంతో సహా నమోదు కావాలి. (ఈ ఉత్తర్వు నకలు సముద్రానికి పంపినట్టు దాఖలా లేదు.) అందుకోసం సముద్ర అదృశ్యాల నమోదు విభాగం వెలిసింది. ఉప్పుగాలికి కంప్యూటర్లు పాడవుతాయని ఆఫీసును తీరానికి నలభై కిలోమీటర్ల దూరంలో పెట్టారు.

కొత్తమొగ అనే పల్లె నుంచి వీరాస్వామి సోమవారం తెల్లవారుజామున చిన్న ఫైబర్ బోటులో వేటకు వెళ్లాడు. తోడు రావాల్సిన ఎజ్రాకు జ్వరం రావడంతో ఒక్కడే బయల్దేరాడు. సాయంత్రానికి తిరిగి రావాల్సిన మనిషి మంగళవారానికీ రాలేదు. ఫోను పలకలేదు. బుధవారం ఆఫీసు తలుపులు తీసే వేళకు అతని భార్య లోవలక్ష్మి గుమ్మం ముందు నిలబడి ఉంది. ముందురోజు నుంచి ఆమె అన్నం ముట్టలేదు.

నమోదు అధికారి దక్షిణామూర్తిగారు మంచి మనిషి. ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించి, వివరాలన్నీ తానే విభాగం యాప్‌లో ఎక్కించారు. పేరు, వయసు, బోటు రంగు వరకు సాఫీగా సాగింది.

“ఎందుకు మాయమయ్యాడమ్మా?”

“తెలీదండి. వెతికితే తెలుస్తుందండి.”

“కారణం రాస్తేగానీ వెతికే బోటు కదలదు. ఇదిగో, ఎర్ర చుక్క ఉంది చూడు. తప్పనిసరి.”

“కారణం తెలిస్తే ఇంక వెతకడం ఎందుకండి?”

దక్షిణామూర్తిగారు ఆ ప్రశ్నను శ్రద్ధగా కాగితం మీద రాసుకుని, పైకి పంపుతానన్నారు.

ఆమె కష్టం చూడలేక ఆఫీసంతా సాయానికి వచ్చింది. అటెండరు తలుపులమ్మ గొంతు తగ్గించి చెప్పింది. “మా తాత చెప్పేవాడండి. సముద్రంలో పాతకాలం ఓడొకటి దీపాలతో తిరుగుతుందంట. అందులోంచి పేరుపెట్టి పిలుస్తారంట. పలికినవాడు మరి రాడంట.”

“అవన్నీ కథలండి,” అన్నాడు గుమాస్తా శరత్‌చంద్ర. “సముద్రం అడుగునుంచి గ్యాస్ బుడగలు లేచి బోటును మింగేస్తాయి. వీడియో చూశాను.”

యాప్ జాబితాలో రెండూ ఉన్నాయి. అయితే ఓడకు రిజిస్ట్రేషన్ నంబరు అడిగింది. గ్యాసుకు కన్స్యూమర్ నంబరు అడిగింది. సముద్రకన్యకు ఆధార్ కావాలంది. ఏ పత్రమూ అడగని కారణం ఒకటే మిగిలింది, బెర్ముడా ట్రయాంగిల్.

“అదెక్కడండి?” అంది లోవలక్ష్మి.

“కాస్త దూరమే అమ్మా. కానీ పత్రాలు అడగట్లేదు.”

“మా ఆయన ఇరవై లీటర్ల డీజిలే పోసుకెళ్లాడండి.”

దక్షిణామూర్తిగారు అప్పటికే నొక్కేశారు. యాప్ అభినందనలు తెలిపింది. అర్జీ విదేశీ జలాల విభాగానికి చేరిందనీ, ఇరవై ఒక్క పనిదినాల్లో స్పందన వస్తుందనీ చెప్పింది.

లోవలక్ష్మి లేచి నిలబడింది.

“ఆయన దగ్గర తాగే నీళ్లు రెండు సీసాలే ఉన్నాయండి.”

ఆ వివరం నింపడానికి యాప్‌లో గడి లేదు.

ఆమె వరండాలోకి వచ్చి ఎజ్రాకు ఫోన్ చేసింది. “వచ్చెయ్ వదినా, బోట్లు తీస్తున్నాం,” అన్నాడతను మూలుగుతూనే.

మధ్యాహ్నానికి అయిదు బోట్లు కదిలాయి. వద్దన్నా వినకుండా లోవలక్ష్మి ఎజ్రా బోటు ఎక్కింది. ఇంజన్ ఆగిన బోటు ఈ రోజుల్లో నీటివాలుకు ఉత్తరంగానే కొట్టుకుపోతుందని ఎజ్రా అంచనా. కంబళి కప్పుకుని వణుకుతూ అతను చెయ్యి చూపిన వైపే పోయారు. గురువారం మిట్టమధ్యాహ్నం దూరాన తెడ్డుకు కట్టిన చొక్కా కనిపించింది. వల బోటు అడుగున తిరిగే ఫ్యానుకు చుట్టుకుని ఇంజన్ కాలిపోయింది. వీరాస్వామి పెదాలు పగిలిపోయాయి. సీసాలో అంగుళం నీళ్లున్నాయి.

“ఫోను చార్జింగ్ పెట్టుకోమని చెప్పానా లేదా?” అని అరిచింది లోవలక్ష్మి. ఆ పైన అతని మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చింది.

వారం తర్వాత, అర్జీ రద్దు చేయించుకోవడానికి ఇద్దరూ ఆఫీసుకు వెళ్లారు. దక్షిణామూర్తిగారు నిజంగానే సంతోషించారు. కళ్లు తుడుచుకుని, గడి నింపడానికి కూర్చున్నారు.

“బెర్ముడా నుంచి ఎలా వచ్చావయ్యా?”

“ఎజ్రా బోటులోనండి,” అన్నాడు వీరాస్వామి.

యాప్ ఆ సమాధానాన్ని పరిశీలనకు తీసుకుంది. (ఇంకా పరిశీలిస్తోంది.)

అప్పట్నుంచి ఆ తీరంలో ఎవరి బోటు ఆలస్యమైనా ఆడవాళ్లు ఎజ్రా ఇంటికే పరుగెత్తేవారు. ఆ ఏడు అతను నలుగురిని వెతికి తెచ్చాడు. ఒకడు దొరకలేదు. ఆఫీసుకు మాత్రం ఒక్క కొత్త అర్జీ కూడా రాలేదు. (వీరాస్వామి అర్జీ విదేశీ జలాల లెక్కలోకి పోయింది.) ఏడాది చివర లెక్కలు చూస్తే సముద్రంలో మాయమైనవారు సున్నా అని తేలింది. దక్షిణామూర్తిగారికి ప్రమోషన్ ఇచ్చారు.