సేఫ్టీ సారు మూర్ఛ

భవనాలు కట్టేచోట పనివాళ్ళ భద్రత చూసే సేఫ్టీ సారు పొద్దున్నే పడకగదిలో మూర్ఛపోవడం సాధన చేస్తున్నాడు. మొదటిసారి మంచం కోడు మోకాలికి కొట్టుకుంది. తర్వాత బాగానే పడ్డాడు గానీ, పడేముందు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"కళ్ళజోడు భద్రంగా దాచుకుని మరీ ఎవరూ కళ్ళు తిరిగి పడరండీ," అంది గుమ్మంలో నిలబడ్డ భార్య.

"నవ్వకే. ఇవాళ మా యజమాని సైటుకొస్తున్నాడు. ఆయన చూస్తుండగా ఎండదెబ్బ డ్రిల్లు సరిగ్గా జరిగితే, పనివాళ్ళకి నీడ కోసం షెడ్డు వేయిస్తానన్నాడు."

ఆ షెడ్డు కోసం ఆయన కాళ్ళరిగేలా తిరిగాడు. కడుతున్న భవనం ఇంకా స్తంభాల దగ్గరే ఉంది. పోయిన వేసవిలో ఇనుప చువ్వలు వంచే పనివాడొకడు ఎండకు సొమ్మసిల్లితే, నీళ్ళ లారీ నీడన పడుకోబెట్టారు. కాసేపటికి డ్రైవరు వచ్చి లారీ తీసుకుపోయాడు, దాంతోపాటే నీడా పోయింది. ఆ మనిషి ఎలాగో బతికి బట్టకట్టాడు గానీ, సారు ఆ మర్నాటి నుంచే షెడ్డు అడగడం మొదలుపెట్టాడు.

పథకం చిన్నదే. యజమాని రాగానే సారు పడిపోవాలి, ఆయన నేర్పినట్టుగా పనివాళ్ళు ప్రథమ చికిత్స చెయ్యాలి. ఇదంతా ఉత్తుత్తిదేనని వాళ్ళకు ముందే చెప్పే బాధ్యత మేస్త్రిది. ముందే చెబితే జనం ఇకిలిస్తూ నిలబడతారని మేస్త్రి బాగా ఆలోచించి, ఎవరికీ చెప్పలేదు.

మిట్టమధ్యాహ్నం యజమాని కారు సైటులోకి వచ్చింది. సారు "అమ్మా" అంటూ ఇసుక గుట్ట మీద వాలిపోయాడు.

"అయ్యో, సారు పడిపోయారు!" తట్ట కింద పారేసి పరుగెత్తుకొచ్చింది పెద్దక్క. సైటులో కూలీలందరికీ ఆవిడ మాటే చట్టం. క్షణంలో నలుగురు మీద పడ్డారు. బూట్లు ఊడాయి, చొక్కా ఊడింది, కాంక్రీటు తడిపే పైపు సారు నెత్తి మీదికి తిరిగింది.

"చాలు, చాలమ్మా! నాకేం కాలేదు!" ఉక్కిరిబిక్కిరవుతూ లేవబోయాడు సారు.

"పట్టుకోండి! ఎండదెబ్బ తగిలినవాళ్ళు నాకేం కాలేదనే అంటారని సారే చెప్పారుగా!"

"నేను నటిస్తున్నాను తల్లీ! ఇది డ్రిల్లు!"

"పలవరింత కూడా మొదలైంది," అని పెద్దక్క పైపు ఇంకా దగ్గరికి లాగింది.

సారు గతిలేక మేస్త్రిని కేకేశాడు. మేస్త్రి వంగి ఆయన చెవిలో, "అదరగొడుతున్నారు సార్! నాకే నిజమేమో అనిపిస్తోంది," అని భుజం తట్టి యజమానికి ఎదురెళ్ళాడు.

"మా ఆవిడకి ఫోన్ చెయ్యండి. ఆవిడకంతా తెలుసు!"

పెద్దక్క ఫోన్ కలిపింది. "అమ్మా, గుండె రాయి చేసుకో. సారు పడిపోయారు."

"బాగా పడ్డారా?" అవతలి నుంచి కిలకిలా నవ్వు. "కళ్ళజోడు తీశారా?"

పెద్దక్క ఫోన్ పెట్టేసి కళ్ళొత్తుకుంది. "పాపం, ఆ తల్లికీ మతి చలించింది. పదండి, ముందు సారుని నీడకు చేర్చాలి."

అక్కడే చిక్కొచ్చి పడింది. సైటంతా కలియజూసినా గొడుగంత నీడ లేదు. ఉన్నదల్లా యజమాని అప్పుడే దిగిన కారు, అందులో చల్లగా వీస్తున్న ఏసీ. సారుని పరంజా చెక్క మీదికెత్తి నలుగురూ అటే ఉరికారు. సిమెంటు బురదతో సహా తెల్లటి వెనక సీటులో పడుకోబెట్టారు. చల్లదనం పోకూడదని పెద్దక్క తలుపు వేసి, దానికి అడ్డంగా నిలబడింది.

"నా కారు!" అన్నాడు యజమాని.

"మీ కారుకేం కాదు సార్. మనిషి ముఖ్యం," అంది పెద్దక్క.

యజమాని మొదట అరిచాడు. తర్వాత కోటు విప్పాడు. ఆ తర్వాత ఆనుకుందామని కారు మీద చెయ్యి వేసి, చుర్రుమనడంతో తీసేశాడు. బట్టతల ఎండకు పెనంలా కాలుతోంది.

"మీరు రోజంతా ఇక్కడే ఉంటారా?" అన్నాడు, గొంతు తగ్గించి.

"ఇంకెక్కడుంటాం సార్?" అని ఒక కూలీ ప్రేమగానే నీళ్ళ సీసా అందించాడు. అది అందుకోబోయి యజమాని తూలాడు. అందరూ ఒక్కసారిగా ఆయన వైపు తిరిగారు.

"నాకేం కాలేదు," అన్నాడు యజమాని.

సరిగ్గా అనకూడని మాటే అన్నాడు. పైపు ఇటు తిరిగింది.

కాసేపటికి వెనక సీటులో ఇద్దరూ తడిసి ముద్దై పక్కపక్కన కూర్చున్నారు.

"ఇప్పుడెలా ఉంది మీకు?" అడిగాడు యజమాని.

"మొదటి నుంచీ బాగానే ఉన్నాను సార్. నాది డ్రిల్లు."

యజమాని బట్టతల మీది నీళ్ళు తుడుచుకున్నాడు. "నాది కాదు," అన్నాడు. "షెడ్డు రేపే మొదలుపెట్టండి. పెద్దదే వెయ్యండి."

సారుకి ఆనందంతో ఏడుపొచ్చినంత పనైంది. అద్దం అవతల మేస్త్రి చప్పట్లు కొడుతున్నాడు.

షెడ్డు లేచింది. ఫ్యాన్లు, బెంచీలు, చల్లటి మంచినీళ్ళు, మధ్యాహ్నం ఎండ దిగేదాకా అందరికీ విశ్రాంతి. యజమాని వచ్చినప్పుడల్లా అందులో కూర్చుని ఇంతకన్నా మంచి నీడ ఎక్కడా లేదని మెచ్చుకుంటాడు గానీ, కారు మాత్రం గేటు బయటే ఆపి వస్తాడు.