డీజేకు చెవులెందుకు?

ఒళ్లో చాట పెట్టుకుని బీడీలకు తునికాకు కత్తిరిస్తున్నాను. చేతులకు పని ఉంది కాని నోరు ఖాళీగానే ఉంది. అందుకే లోకానికి పనికొచ్చే మాట ఒకటి చెప్పేస్తాను: డీజే కొట్టేవాడికి చెవులు అక్కర్లేదు!

నవ్వకండి. మా అన్న ముత్యం పన్నెండేళ్లు చెవులనే నమ్ముకుని చెడిపోయాడు. ఒక చెవికి హెడ్‌ఫోన్, రెండో చెవి బారాత్‌కు, అంటే పెళ్లి ఊరేగింపుకు. నడుస్తున్న పాట దెబ్బతో రాబోయే పాట దెబ్బ కలిసేదాకా డిస్క్ అంచును వేలితో ముందుకో వెనక్కో నెట్టేవాడు. ఈ విద్య ఎక్కడ నేర్చాడు? సిరిసిల్లలో, మా నాయిన నడిపిన సాంచెల దగ్గర. మరమగ్గాలను మేము సాంచెలంటాం. పదహారు సాంచెలు ఒక్కసారి మోగుతుంటే, ఎక్కడ పోగు తెగిందో నాయిన కళ్లు మూసుకుని చెప్పేవాడు. ఎంత వృథా కష్టం!

ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో 'సింక్' బటన్ ఉంది. నొక్కితే రెండు పాటలూ ఒకే అడుగు వేస్తాయి. పక్కనే 'ఆటో' ఉంది. అది నొక్కితే డీజే కూడా అక్కర్లేదు. కథలాపూర్ రాజు రాయికల్ బారాత్‌లో ఆటో నొక్కి, ఎదురు షాపులో గడ్డం గీయించుకుని, మొహానికి మసాజ్ కూడా చేయించుకుని వచ్చాడు. పాట ఆగిందా? లేదు! పన్నెండేళ్లలో మా అన్న ఒక్క మసాజైనా చేయించుకున్నాడా?

మొన్న కోరుట్లలో మా పెద్దమ్మ సత్యవ్వ బిడ్డ హేమలత పెళ్లి. డీజే రాజుదే.

"నువ్వు పిల్లకు అన్నవు, కుర్సీల కూసో. అంతా మిషినే సూసుకుంటది" అన్నాడు మా అన్నతో.

అప్పగింతల వేళకు రాజు ఆటో నొక్కి బిర్యానీకి వెళ్లాడు. అప్పటిదాకా తీన్మార్ చిందులు, ఆ తర్వాత అప్పగింతల పాట. సాఫ్ట్‌వేర్ తన ధర్మం తప్పలేదు. దాని వేగానికి దీన్ని సింక్ చేసింది. ఏడుపు పాట తీన్మార్‌లా ఉరికింది! పెళ్లికొడుకు దోస్తులు స్టెప్పులందుకున్నారు. హేమలత వెక్కిళ్లు మాత్రం బీట్‌కు వెనకబడ్డాయి. అరగంట ఏడుపు నాలుగు నిమిషాల్లో ముగించే సౌకర్యం మన అమ్మమ్మలకు దొరికిందా?

పెద్దమ్మకు టెక్నాలజీ తెలియదు. బిడ్డను పట్టుకుని అరిచింది: "జర నన్ను ఏడ్వనియ్యుండ్రి నాయినా!"

అన్న లేచి వెళ్లి సౌండ్ తగ్గించాడు. అప్పుడు వినబడింది, పెద్దమ్మ ఏడుపు.

రాజు ఎంగిలి చేత్తోనే ఉరికొచ్చాడు. "ఎందుకు బంద్ జేసినవ్ అన్నా? బీట్ మంచిగనే కలిసింది గదనే!"

"పాటకు పాట కలిసింది రాజూ. పెద్దమ్మకు కలవలే."

ఇదిగో, ఇలాంటి మాటల వల్లే అన్నకు గిరాకీ పోయింది. డిస్కులు తిప్పే డెక్కులు అటకెక్కాయి. సోమవారం నుంచి సాంచెల మీదికే పోతానంటున్నాడు.

ఇంతలో వాకిట్లో బండి ఆగింది. రాజు! గుమ్మంలోనే నిలబడి తల గోక్కున్నాడు.

"అన్నా, గీ పొద్దు జగిత్యాలల పెళ్లున్నది. పిల్ల తల్లి మొన్న కోరుట్లకు అచ్చిందట. సౌండ్ తగ్గించిన పిలగాడే గావాల్నని ఒకటే పట్టు. జర అచ్చి నిలవడవా?"

"బటన్?"

"ముట్టనే. ఒట్టు."

చూశారా అన్యాయం! అంత మంచి బటన్ ఉండగా మనిషిని పిలుస్తారా? నేను అడిగేలోపే అన్న మేకుకున్న హెడ్‌ఫోన్ తీసి మెడలో వేసుకున్నాడు.

"ఇంత తిని పో కొడుకా" అంది అమ్మ.

ఆ పనికిరాని చెవులు అప్పటికే జగిత్యాల చేరినట్టున్నాయి. తినకుండానే గడప దాటి వెళ్లిపోయాడు.