పళ్లెం వెనుకవైపు

నంద్యాలలో భౌతికశాస్త్రం బోధించే ఇమ్మానుయేలు గారికి ఆకాశంలో తెలియని చోటు లేదు. వంటింట్లో తెలిసిన చోటు లేదు. ఆ రెండవ లోపమే ఆయన కొంప ముంచింది.

అది ఎనభై మూడవ సంవత్సరం. కంటికి కనబడని వేడివెలుగును, అనగా దూరపరారుణ కిరణాలను, పట్టుకొనే దూరదర్శిని ఒకటి భూమి చుట్టూ తిరుగుతున్నదని పత్రికలో చదివినది మొదలు ఆయనకు నిద్రాహారాలు లేవు. అత్తవారి ఊరైన ఆళ్లగడ్డలో దానిపై ఉపన్యసించడానికి ఒప్పుకొన్నారు. నమూనా కావాలి. నమూనాకు లోహపుటద్దం కావాలి. అద్దం నడుమ రంధ్రం కావాలి.

ఇంట్లో అందుకు తగినదిగా ఆయన కంటికి ఆనింది ఒక్కటే: అత్తగారు బాలమ్మ పెళ్లికి పెట్టిన ఇత్తడి పళ్లెం. చెంబుకు సొట్ట పెట్టినందుకు పెద్దల్లుడిని మూడు క్రిస్మసులు గడప తొక్కనివ్వని మనిషి బాలమ్మ.

వంటింటి నేలమీద సుద్దముక్కతో పళ్లేన్నీ, దానిపై పడే ప్రతి కిరణం దారినీ గీస్తుండగా, భార్య సలోమి చీపురుతో వచ్చి నిలబడింది.

“ఏందీ గీతలు?”

“కిరణాలు. ఏది యాడ పుట్టి యాడికి పోతాదో ముందే లెక్కగడితే యంత్రం తప్పదు.”

“ఆ గుండ్రం మా అమ్మ పళ్లెమంత ఉండాదే.”

“విశ్వంలో గుండ్రనివి చాలా ఉంటాయి, సలోమీ.”

“మద్దెలో బొక్క?”

“అది… కొలత కోసం.”

ఆమె ఊడ్వకుండానే వెళ్లిపోయింది. ఆ చీపురు వెనక్కు తగ్గడం కాపురంలో అదే మొదలు. ఆయన దాన్ని శాస్త్రం పట్ల గౌరవమనుకొన్నారు.

మరునాడు పెట్టెలో గుడ్డ చుట్టి ఉన్న పళ్లేన్ని రహస్యంగా తీసికొనిపోయి, కంచరి చేత రంధ్రం వేయించారు. లోపలివైపు తన ముఖం కనబడేదాకా చింతపండుతో తోమారు. వెనుకవైపు చూడనే లేదు. అద్దానికి వెనుకతో పనేమిటని ఆయన సిద్ధాంతం. ఉపన్యాసం కాగానే రంధ్రానికి మాటు వేయించి, పెట్టెలో పెట్టేస్తే తీరిపోతుందని పథకం.

బస్సెక్కే ముందు సలోమి తాపీగా అన్నది. “రేపు కోతపండగకు పండ్లు పెట్టుకొనేకి అమ్మ ఆ పళ్లెం తెమ్మనింది.”

“మెరుగుకు ఇచ్చినానే.”

“మంచిది.”

ఆళ్లగడ్డ దాకా ఆ ‘మంచిది’ ఆయన పక్కనే కూర్చొని ప్రయాణం చేసింది.

సభలో తల్లీకూతుళ్లు ముందువరుసలోనే కూర్చున్నారు. ఎదుట బొగ్గుల కుంపటి. పళ్లెం పట్టిన వేడి, ముందున్న చిన్న గిన్నెకు తగిలి, రంధ్రం గుండా వెనుకనున్న, వేడిని పసిగట్టే గ్రాహకంపై పడింది. దానికి తగిలించిన బల్లమీది మీటరు ముల్లు గింజంత కదిలింది. చప్పట్లు మోగాయి. ఆ ఉత్సాహంలో ఆయన, “రంధ్రాన్ని తిలకించండి,” అంటూ నమూనా వీపును సభవైపు తిప్పారు.

అధ్యక్షులు రంగయ్య కళ్లద్దాలు సవరించుకొని, దానిపై చెక్కిన అక్షరాలు చదివారు. “శిష్యుల కానుక. ఉత్తమ ఉపాధ్యాయులు… పేరుండేకాడ బొక్క పడిందే సారూ.”

ఇమ్మానుయేలు గారు మెడ చాచి ఆ అక్షరాలు చూశారు. అది నిరుడు శిష్యులు సన్మానంలో ఇచ్చిన పళ్లెం. అదే అంగడి, అదే కొలత. చీమను కూడా ముట్టనివ్వక దాచుకొన్నది.

“మరి… మీ అమ్మది యాడుందే?” ఆయన ఉపన్యాస భాషలోని వ్యాకరణమంతా ఎగిరిపోయింది.

సలోమి సంచిలోనుండి తళతళలాడే పళ్లెం తీసి బాలమ్మ ఒళ్లో పెట్టింది. “గీతలు చూసిన దినమే మార్చి పెట్టినా. కిరణాలు యాడ పుట్టినాయో అంతా లెక్కగట్టినారు గదా, పళ్లెం యాడ పుట్టిందో తిప్పి చూసుకోలేదా?”

“నా పళ్లేనికి బొక్క పొడసాలనుకొన్యావా నాయనా?” అన్నది బాలమ్మ, చాలా నెమ్మదిగా.

అద్దం ఇప్పుడు ఇమ్మానుయేలు గారి ముఖానికే ఎదురుగా ఉన్నది. కుంపటికి గింజంత కదిలిన ముల్లు, చివరిదాకా పోయి టక్కున కొట్టుకొన్నది.

“కుంపటి ఈ పక్కనుండాది, అద్దం ఆ పక్కకు తిరిగింది, మరి ముల్లు అంత దూరం పోయిందేంది సారూ?” అని రంగయ్య అడిగారు.

ఆయన తల వంచుకొన్నారు.

“దగ్గర్లో… ఇంకొకటి కాల్తాండాదప్పా.”